సింహానికి తోకనైన ఏడాది

మా అమ్మాయిని సింహానికి తలగా పెట్టినప్పుడు ఊరంతా టముకు వేసుకున్నాను. నన్ను తోకగా పెట్టినప్పుడు మాత్రం గప్‌చుప్.

"తోక అనకమ్మా, టెయిల్ అను," అంది మా అమ్మాయి.

"టెయిల్ అంటే తోక కాదా? ఇంగ్లీషులో చెబితే కొమ్ములొస్తాయా?"

"ఈ సింహంకి కొమ్ము ఉంది కదా అమ్మా. చూడు, తల మధ్యలో."

నిజంగానే ఉంది. 

చైనా వాళ్ళ కొత్త సంవత్సరానికి ఆడే సింహంలో ఇద్దరు మనుషులుంటారు. ముందు మనిషి చేతుల్లో తల ఉంటుంది. కళ్ళు ఆర్పడం, చెవులాడించడం, నోరు తెరవడం అన్నీ ఆ మనిషి పని. వెనక మనిషి నడుం వంచి, ముందు మనిషి బెల్టు పట్టుకుని, మెరుపుల గుడ్డ కింద నడవాలి. ఆ మనిషికి లోకం కనపడదు, లోకానికి ఆ మనిషి కనపడదు. కనపడేదల్లా ముందు మనిషి మడమలు. సింహం గాల్లోకి లేస్తే జనం తలని చూసి చప్పట్లు కొడతారు. ఆ తలని ఎత్తి పట్టుకుని పళ్ళు కొరుక్కునేది వెనక మనిషి. పదిమందికి వండి, వడ్డించి, చివర్లో గిన్నె గీక్కుని తిన్న ఏ ఆడదానికైనా ఈ ఏర్పాటు వేరే చెప్పక్కర్లేదు.

అసలు ఇదంతా నారింజకాయల దగ్గర మొదలైంది. అమెరికాలో మేముండే చాండ్లర్‌లో చలికాలం వస్తే మా పెరట్లో చెట్టు విరగకాస్తుంది. తినలేం, పారెయ్యలేం. ఓ జనవరిలో గేటు దగ్గర ఒక చైనా పెద్దావిడ నిలబడి కాయల్ని చూపిస్తూ చెయ్యి ఊపింది. పోన్లే పాపం అని మంచివి ఏరి సంచీ నిండా పోసి ఇచ్చాను. ఆవిడ సంచీలోకి చూసి తల అడ్డంగా ఊపింది. ఊరికే ఇస్తుంటే వంకలా అని నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆవిడ నా కోపాన్ని పట్టించుకోకుండా చెట్టు దగ్గరికి నడిచి, కాడతో రెండాకులతో ఉన్న ఒక కాయ తెంపి నా చేతిలో పెట్టింది. పండక్కి ఇలాంటివే కావాలట. ఆకున్న కాయ అంటే బతికున్న కాయ, అలాంటిది ఇంట్లో పెట్టుకుంటే ఏడాదంతా పచ్చగా ఉంటుందని, వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. మామిడాకుల్లేకుండా మనం మాత్రం గుమ్మానికి తోరణం కడతామా? ఆ మాట నాకు నచ్చింది. మళ్ళీ కాయలన్నీ ఆకులతో కోసి, మోసుకెళ్ళి మరీ ఇచ్చొచ్చాను.

ఆవిడకి మా వీధి చివర వరస షాపుల స్ట్రిప్ మాల్‌లో నూడుల్స్ షాపుంది. పిల్లలందరూ ఆవిడని పోపో అంటారు. వాళ్ళ భాషలో అమ్మమ్మ అని అర్థం. మేమూ అదే పిలుపు పట్టుకున్నాం. షాపు గోడ మీద పాత ఫోటో ఒకటి ఉంటుంది. అందులో సింహం నిట్టనిలువుగా గాల్లో లేచి, గుమ్మం మీద వేలాడే ఆకుకూర కట్టని అందుకుంటోంది. "నా ఆయన," అని చెప్పింది పోపో. ఆయన షాపు వెనక పార్కింగ్ లాట్‌లో వీధి పిల్లలకి సింహం ఆట నేర్పేవాడట, ఈవిడ డ్రమ్ కొట్టేదట. ఆయన పోయిన ఏడు పండగ చెయ్యలేదు. మైలపడిన ఏడాది పండగలు మానుకోవడం వాళ్ళకీ ఉంది. ఆ తర్వాత ఏడు చెయ్యొచ్చు గానీ ఆవిడకి చేతులాడలేదు. సింహం స్టోర్ రూమ్‌లో గోనెసంచీలో పడుంది.

దాన్ని బయటికి లాగింది మా అమ్మాయి. నారింజలు ఇవ్వడానికి వెళ్ళి, సంచీ విప్పి, తల నెత్తిన పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ దొరికిపోయింది. పోపో తిడుతుందనుకున్నాను. పోపో వచ్చి, తలని కాస్త సరిచేసి, "మోచేతులు పైకి," అంది. ఆ రోజు నుంచి ప్రతి శనివారం ప్రాక్టీసే.

తోకగా ఒక తెలుగబ్బాయి కుదిరాడు. ఇక్కడ ఎమ్మెస్ చదువుతూ, వారానికోసారి నూడుల్స్ తినడానికొచ్చి ఇరుక్కున్నాడు. మనిషి దిట్టంగా ఉండేవాడు. అంతా సవ్యంగా సాగుతోంది కదా అనుకుంటుండగా పోపో కూతురు ఫోన్ చేసింది.

ఆ కూతురు సియాటిల్‌లో ఉంటుంది. చెడ్డ మనిషి కాదు. తల్లికి డెబ్భై దాటాయి, మోకాళ్ళు పట్టేస్తున్నాయి, ఒక్కతే పొద్దున్నే లేచి పిండి కలుపుకుంటోంది. ఏ కూతురికైనా భయం ఉంటుంది. ఈ పండక్కి వచ్చి, షాపు మూయించి, అమ్మని తనతో తీసుకెళ్ళిపోతానంది. పోపో చాలాసేపు విని, గట్టిగా ఏదో చెప్పి ఫోన్ పెట్టేసింది. తర్వాత మాకు కూడా చెప్పింది. పండగ రోజు గుమ్మానికి ఆకుకూర కడతారు. సింహం దాన్ని నోటితో అందుకుని, నమిలి, ఆకులు జనం మీద చల్లితే ఆ ఏడాది షాపుకి తిరుగులేదు. అందుకోలేకపోయినా, కింద పడేసినా, ఆ ఏడాది అచ్చిరాదు.

"సింహం తింటే నేనిక్కడే. తినకపోతే షాపుకి తాళం, నేను సియాటిల్," అంది పోపో.

"మరి మీ అమ్మాయి ఒప్పుకుందా?"

"ఒప్పుకుంది. సింహంలో ఎవరున్నారని అడిగింది. ఒక చిన్నపిల్ల, ఒక స్టూడెంట్ అన్నాను. వెంటనే ఒప్పుకుంది."

అందులో ఎంత వెటకారముందో చూశారా! నాకు కాలింది. ఆ షాపు పోతే మా వీధిలో ఇంకేం మిగులుతుంది, నెయిల్ సెలూన్ తప్ప? జ్వరమొస్తే నాకు అల్లం చారు పంపిన మనిషి పోపో ఒక్కతే.

పండగ ఇంకా కొన్ని వారాలుందనగా తెలుగబ్బాయికి టెక్సస్‌లో ఉద్యోగం వచ్చింది. కాపెల్‌లో అపార్ట్‌మెంట్ బుక్ చేశాను ఆంటీ అని స్వీట్లు పట్టుకొచ్చాడు. ఉద్యోగం రాకపోతే వాడి వీసా గతేమిటి, సంతోషించక తప్పదు. ఏనుగు వెళ్ళి తోక చిక్కుకుందని విన్నాం గానీ, సింహం ఉండిపోయి తోక వెళ్ళిపోవడం ఇక్కడే చూశాను. ఇంకో తోక కోసం ఎక్కడెక్కడో అడిగాం. కొందరికి టెన్నిస్, కొందరికి కుమాన్ లెక్కల క్లాసు, కొందరికి నడుం నొప్పి.

అప్పుడు మా అమ్మాయి నా వంక చూసింది.

"అమ్మా, నువ్వు కబడ్డీ ఆడావు కదా. యూనివర్సిటీ లెవెల్."

ఏదో సందర్భంలో గొప్పగా చెప్పుకున్న మాట, నా కొంప ముంచింది. "నేనెప్పుడో ఆడానే తల్లీ, ఇప్పుడు నలభై దాటాయి," అన్నాను. పోపో లేచి నా చుట్టూ ఒకసారి తిరిగి, నా తొడ మీద చరిచి, "గుడ్," అంది. సంతలో గేదెని చూసినట్టు చూసింది మహాతల్లి.

ప్రాక్టీసంటే ప్రాక్టీసు కాదు, శిక్ష. పోపో డ్రమ్ కొడుతూనే పక్కనున్న వెదురుకర్రతో నా వీపు మీద తట్టేది. "ఇంకా కిందికి!" నేను వంగి, తొడలు పీటలా పెడితే మా అమ్మాయి వాటి మీదికి గెంతి నిలబడాలి. పిల్ల సన్నంగానే ఉంటుంది గానీ గెంతినప్పుడు మాత్రం బస్తా పడ్డట్టు పడేది. మొదటి వారం నేను మెట్లు దిగలేకపోయాను. మా ఆయన పొద్దున్నే "తోకగారూ, కాఫీ" అనేవాడు. మా ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో సింహం బొమ్మ పెట్టి, తోక చుట్టూ గుండ్రం గీశారు. ఒకావిడ ఫోన్ చేసి, "మన పండగలకి కోలాటం వెయ్యమంటే మోకాళ్ళంటారు, వాళ్ళ పండక్కి ఈ కష్టమేంటండీ?" అంది. "మీ కోలాటంలో నా పిల్ల నా మీద ఎక్కి నిలబడుతుందా? అయితే చెప్పండి, వస్తాను," అని పెట్టేశాను.

ఆ మాట తిక్కతో అన్నాను గానీ అబద్ధం కాదు. తొమ్మిదో తరగతికొచ్చాక మా అమ్మాయి నన్ను ముట్టుకోవడమే మానేసింది. రూమ్ తలుపేసుకుని ఉండేది. ఇప్పుడు వారానికి మూడు రోజులు దాని బెల్టు నా గుప్పెట్లో. "అమ్మా, రెడీ?" "రెడీ." ఆ రెండు మాటల కోసం నేను ఎన్ని బస్తాలైనా మోస్తాను.

ఇంతలో మా అత్తగారు దిగారు. గుంటూరు నుంచి, ఆర్నెల్లకి. కోడలు సింహం తోక అని కొడుకు చెబితే ఆవిడ నవ్వలేదు. "తోకైతేనేం, నిలబెట్టేది అదేగా," అన్నారు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆవిడ మీద నాకు ప్రేమ పొంగింది.

అత్తగారూ పోపో ఒకళ్ళ భాష ఒకళ్ళకి రాకుండానే స్నేహితురాళ్ళైపోయారు. షాపులో కూర్చుని వెల్లుల్లి వలుస్తూ ఈవిడ తెలుగులో, ఆవిడ చైనా భాషలో గంటలు మాట్లాడుకునేవాళ్ళు. పండగ వారం ఉందనగా పోపో వంటింటి దేవుడికి వీడ్కోలు చేసింది. పొయ్యి మీద గోడకి అంటించిన కాగితం బొమ్మ ఆయన. ఏడాదంతా ఇంట్లో ఎవరేం చేశారో చూసి, ఇప్పుడు స్వర్గానికెళ్ళి పెద్దదేవుడికి చెప్పొస్తాడట. అందుకని పోపో ఆయన మూతికి తేనె పూసింది, అన్నీ తియ్యటి మాటలే చెప్పాలని. పూసి, బొమ్మని కాల్చి పంపించింది. మా అత్తగారు బుగ్గన వేలేసుకున్నారు.

"మనం దేవుడికి మొక్కుతాం, మొరపెడతాం. వీళ్ళు ఏకంగా నోరే అంటించి పంపారే! తెలివంటే ఇదీ."

తర్వాత శుభ్రం చెయ్యడం. పోపో, నేను, మా అమ్మాయి కలిసి షాపు మూలమూలలా దులిపాం, కడిగాం. పాత ఏడాది దుమ్ము పాత ఏడాదిలోనే పోవాలి. పండగ ముందు రోజు సాయంత్రం పోపో చీపుళ్ళన్నీ తీసి దాచేసింది. ఎందుకంటే పండగ రోజు ఊడిస్తే ఇంట్లోకొచ్చిన అదృష్టాన్ని ఊడ్చి బయట పోసినట్టు. ఇది నాకు తెలుసు, మా అమ్మాయికి తెలుసు. అత్తగారు ఆ పూట మోకాలి నొప్పని ఇంట్లోనే ఉండిపోయారు.

టపాకాయలు పేల్చాలి. వాళ్ళ కథల్లో ఏడాది చివర కొండల్లోంచి ఒక రాక్షసి మృగం దిగుతుంది, దానికి చప్పుడన్నా ఎర్ర రంగన్నా భయం. అందుకే పేలుళ్ళు, అందుకే గుమ్మాలకి ఎర్ర కాగితాలు. కానీ మాల్ మేనేజరు టపాకాయలు కుదరవన్నాడు. దానికి పోపో ఒక ఉపాయం కనిపెట్టింది. మన ఇళ్ళల్లో ఆన్‌లైన్ పార్సిళ్ళతో వచ్చే బబుల్ రాప్‌కి కరువేముంది? అది పరిచి పిల్లలు తొక్కుతారు, టపటపా పేలుతుంది. టపాకాయలు కాలాక రాలే ఎర్ర తుక్కు బదులు, పోపో రోజూ సాయంత్రం కత్తెర పట్టుకుని ఎర్ర కాగితాలు సన్నగా కత్తిరించి సంచీలో దాచింది. పండగ ముందు రోజు రాత్రి అదంతా గుమ్మం ముందు చల్లింది. ఎర్రగా ఎంత తుక్కుంటే అంత కలిసొస్తుందట.

పండగ పొద్దున మా ఇంట్లో మొదటి యుద్ధం తలంటు దగ్గర. పండగ పూట తలంటు లేకపోవడమేంటని అత్తగారు నూనెగిన్నె పట్టుకుని నిలబడ్డారు. ఈరోజు తల కడిగితే లక్ పోతుంది నానమ్మా, సింహం తల అసలే కడగకూడదు అని మా అమ్మాయి బాత్రూమ్‌లో గడియ పెట్టుకుంది. చివరికి అత్తగారు మాత్రం తలంటు పోసుకుని, ఎర్ర అంచు చీర కట్టుకుని కారెక్కారు. మేం పోపో ఇచ్చిన తాళంచెవితో షాపు వెనక తలుపు తీసుకుని లోపలికెళ్ళి సింహాన్ని తగిలించుకోవడంలో పడ్డాం. ఆవిడ ముందు వైపు వెళ్ళారు.

మేం బయటికొచ్చేసరికి గుమ్మం ముందు అద్దంలా ఉంది. ఒక్క ఎర్ర ముక్క లేదు. తడిపిన సిమెంటు మీద బియ్యప్పిండితో పెద్ద ముగ్గు. పక్కన నడుం మీద చెయ్యి వేసుకుని మా అత్తగారు, చేతిలో అంతకుముందు వారం ఇండియన్ స్టోర్‌లో కొన్న కొత్త పూల చీపురు.

"పాపం ఆవిడకి చీపురు కూడా లేనట్టుందే. మూలమూలలా వెతికాను. పండగ పూట గుమ్మం ముందు అంత చెత్తేంటే? మన కారులోది తెచ్చి ఊడ్చేశాను," అన్నారు. మొహంలో ఎంత తృప్తో.

అప్పుడే పోపో, కూతురు కారు దిగారు. పోపో గుమ్మాన్ని చూసింది. ముగ్గుని చూసింది. తెలుపు వాళ్ళకి చావు రంగు. ఆవిడ మొహం పాలిపోయింది. డ్రమ్ పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

కూతురు తల్లి భుజం మీద చెయ్యి వేసి, మాకూ తెలిసేలా ఇంగ్లీషులోనే అంది. "అమ్మా, చాలు. సింహం దాకా ఎందుకు? అదృష్టం పొద్దున్నే వెళ్ళిపోయింది. బట్టలు సర్దుకుందాం." గొంతులో గెలుపు లేదు, జాలే ఉంది. ఆ జాలి చూసి నాకు ఇంకా మండింది.

"ఏమైందే? ఎవరైనా పోయారా?" అన్నారు అత్తగారు.

"ఏమైందా! దీపాలు పెట్టాక మనం ఊడవం కదా అత్తయ్యా, లక్ష్మి వెళ్ళిపోతుందని? వాళ్ళకి ఇవాళంతా అంతే! పాపం ఆవిడ కత్తిరించి చల్లుకున్న అదృష్టాన్ని ఊడ్చి పారేశారు!"

అత్తగారు ఒక్క క్షణం నన్ను చూశారు. "ముందే ఏడవచ్చుగా ఆ ముక్క! అయినా పారేశానని ఎవరు చెప్పారే నీకు? కుంకుమ రంగు కాగితాలు. పండగ పూట డస్ట్‌బిన్‌లో ఎలా వేస్తాను? కవర్లో పోసి డిక్కీలో పెట్టా."

నేను పరిగెత్తాను. తోక ఇంకా నడుముకే ఉంది, ఈడ్చుకుంటూ పరిగెత్తాను. కవరు తెచ్చి పోపో ముందు పెట్టి విప్పాను. "పోపో, వెళ్ళలేదు! మా కారులో ఉంది! అంతా ఉంది!"

పోపో కవర్లోకి చూసింది. తల ఎత్తలేదు. ముగ్గు వైపు వేలు చూపించి, "తెలుపు," అంది మెల్లిగా.

అప్పుడు మా అత్తగారు చేసిన పనికి ఆవిడకి ఏ బిరుదిచ్చినా తక్కువే. పోపో చెయ్యి పట్టుకుని లేవదీసి, ముగ్గు పక్కకి తీసుకెళ్ళి, వంగి చూపించారు. ముగ్గు నుంచి గుమ్మం దాకా చిన్న చిన్న పాదాలు వేసి ఉన్నాయి. లక్ష్మీ పాదాలు. ఒక్కొక్క పాదం మీద వేలు పెట్టి, "ఇటు చూడమ్మా. లోపలికి. లోపలికి. అన్నీ లోపలికే," అన్నారు. అచ్చ తెలుగులోనే అన్నారు. తర్వాత కవర్లోంచి గుప్పెడు ఎర్ర కాగితాలు తీసి మొదటి పాదంలో నింపారు. తెల్ల పాదం ఎర్రబడింది.

పోపో కూడా మోకాళ్ళ మీద కూర్చుంది, ఆ పట్టేసే మోకాళ్ళ మీదే. తనూ ఒక గుప్పెడు తీసి రెండో పాదం నింపింది. మా అమ్మాయి, మిగతా పిల్లలు అందరూ పడి నింపారు. మిగిలిన తుక్కుని అత్తగారి చేతిలో చీపురు తీసుకుని పోపో తనే గుమ్మం బయట నుంచి లోపలికి ఊడ్చింది. ఊడవక తప్పకపోతే లోపలికే ఊడ్చి మూలన పెట్టాలని వాళ్ళ పాత పద్ధతట. ఊడ్చి, లేచి, కూతురితో ఏదో అంది. ప్రాక్టీసులో నాలుగు చైనా ముక్కలు పట్టేసిన మా అమ్మాయి నా చెవిలో చెప్పింది: "ఆకు కట్టు అంటోంది."

కూతురు నిచ్చెనెక్కి ఆకుకూర కట్టింది. మోసం చేసిందని నేననను గానీ, తాడు పొట్టిగా కట్టింది. లెట్యూస్ అనే ఆకుకూర కట్ట, దానికి డబ్బులు పెట్టిన ఎర్ర కవరు, అంతెత్తున. తొడల మీద నిలబడితే అందదు. భుజాల మీదికెక్కాలి. భుజాల మీద మేం ఒకే ఒక్కసారి ప్రయత్నించాం, అదీ పరుపు మీద పడ్డాం. పోపో కూడా చూసింది ఆ ఎత్తు. డ్రమ్ముకర్రలు తీసుకుంది.

"అమ్మా, హై ఉంది," అంది మా అమ్మాయి సింహం తలలోంచి.

"ఉండనీ. నేనున్నాను."

డ్రమ్ మోగింది. పిల్లలు బబుల్ రాప్ తొక్కారు, టపటపటప. నా మీద గుడ్డ పడింది, లోకం మాయమైంది. మడమలు కుడికి, నేను కుడికి. మడమలు వెనక్కి, నేను వెనక్కి. సింహం గుమ్మం దగ్గరికెళ్ళి, ఆకుని వాసన చూసి, భయపడి, వెనక్కి దూకాలి. జనం నవ్వారు. మళ్ళీ వెళ్ళింది. డ్రమ్ మెల్లగా, పిల్లి అడుగుల్లా అయింది. నేను వంగి తొడలు పెట్టాను. గెంతింది. నిలబడింది. పైన చెయ్యి చాచింది. అందలేదు. జనం "అయ్యో" అనడం గుడ్డలోంచి వినపడింది.

"అమ్మా, వేళ్ళు తగిలాయి అంతే. దిగాలా?"

"దిగావో చంపుతా. ఎక్కు."

కబడ్డీలో కూతకెళ్ళినప్పుడు మధ్యలో ఊపిరి పీలిస్తే అవుట్. అవతలి జట్టు ఏడుగురూ మీద పడ్డా కూత ఆగకూడదు, గీత తాకాలి. అది నాకు పదిహేనేళ్ళప్పుడు ఒంటికి పట్టిన విద్య. మా అమ్మాయి కాలు నా భుజం మీద పడగానే నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. కబడ్డీ కబడ్డీ కబడ్డీ. రెండో కాలు పడింది. కబడ్డీ కబడ్డీ. కళ్ళలోకి చెమట. బయట మా అత్తగారి గొంతు మాల్ అంతా దద్దరిల్లింది. "లేపవే! బిందె లేపినట్టు లేపు! నిలబడు!"

నిలబడ్డాను. పూర్తిగా, నిటారుగా, కూత ఆపకుండా నిలబడ్డాను.

పైన ఫట్‌మని తాడు తెగిన చప్పుడు. ఆ వెంటనే డ్రమ్ పిచ్చెత్తినట్టు మోగింది. అది చాలు, నాకు చూడక్కర్లేదు. మా అమ్మాయి పైనుంచి ఆకులు చించి చల్లుతుంటే జనం అరుపులు, ఈలలు. ఒక ఆకు గుడ్డ సందులోంచి నా ముక్కు మీద పడింది. నేను దాన్ని తినేశాను. సింహంలో సగం నేనే కదా, నాకూ హక్కుంది.

గుడ్డ తీసేసరికి పోపో కూతురి జుట్టు నిండా లెట్యూస్. ఆవిడ ఆకులు దులుపుకోవడం లేదు. తల్లి చేతుల్ని చూస్తోంది. పోపో ఆట అయిపోయినా డ్రమ్ కొడుతూనే ఉంది, ఏడుస్తూ, నవ్వుతూ. కూతురు నా దగ్గరికొచ్చి, "మా అమ్మ డ్రమ్ కొట్టడం నాన్న పోయాక ఇదే చూడటం," అంది. జుట్టులోంచి ఒక ఆకు తీసి, "సింహం తినేసింది. ఇంక నేనేం మాట్లాడను," అంది. నేను ఆవిడని గట్టిగా వాటేసుకున్నాను. చెమటతో తడిసి ముద్దయి ఉన్నాను, అయినా వదల్లేదు.

ఐదో రోజు షాపులు తెరిచే రోజట. అప్పటిదాకా మూలనున్న ఎర్ర కాగితాల కుప్పని ఆ రోజు బయటికి ఊడ్చెయ్యొచ్చు. పోపో పొద్దున్నే ఫోన్ చేసి, "నానమ్మ, చీపురు," అంది. అత్తగారు చీర కుచ్చిళ్ళు దోపుకుని వెళ్ళారు. "ఇప్పుడు పర్లేదా? మళ్ళీ ఏడవదు కదా?" అని రెండుసార్లు అడిగి, ఊడ్చారు. ఒక గుప్పెడు మాత్రం కొంగున ముడేసుకున్నారు. ఇంత అదృష్టాన్ని మొత్తం పారేస్తారా ఎవరైనా అన్నారు. పోపో తలుపు మీద బోర్డుని ఓపెన్ వైపు తిప్పింది.

తర్వాత పోపో నన్ను గోడ దగ్గరికి పిలిచింది. పాత ఫోటో పక్కన కొత్త ఫోటో తగిలించింది. మాదే. సింహం గాల్లో, ఆకు నోట్లో. నేను మర్యాదకి పాత ఫోటో వైపు చూసి, "మీ ఆయన చాలా బాగా ఎగిరేవారు," అన్నాను.

పోపో తల అడ్డంగా ఊపింది. ఆవిడ వేలు సింహం తల మీదికి వెళ్ళలేదు. కిందికి జారి, గుడ్డ అంచు కింద కనపడే రెండు నల్ల బూట్ల మీద ఆగింది.

"నా ఆయన," అంది. "ఎప్పుడూ ఇక్కడే."

నూడుల్స్ తినడానికి వచ్చిన వాళ్ళు ఇప్పుడు ఆ ఫోటోలు చూసి, ముందున్న పిల్ల ఎవరండీ అని అడుగుతుంటారు. మా అమ్మాయి అని చెప్తాను. వాళ్ళు అక్కడితో ఆగిపోతారు గానీ నేను ఆగను. చెయ్యి పట్టి లాక్కెళ్ళి చూపిస్తాను. ఇదిగో, ఈ కింద కనపడుతున్నాయే రెండు కాళ్ళు, ఇవి నావి.